వేసవిలో నాటకం నేర్చుకోవడానికి వెళ్తున్నారా?
మాది అమలాపురం దగ్గర పల్లె, ఎనిమిదో తరగతికి వచ్చాను. నాటకం క్లాసుకి కాటన్ బట్టలు, నీళ్ల సీసా చాలు. డైలాగులు గదిలో కూర్చుని బట్టీ పట్టకండి. కాలవగట్టు మీద నడుస్తూ, అవతలి గట్టుకి వినపడేలా చెప్పండి. గొంతుతో అరిస్తే మర్నాటికి బొంగురుపోతుంది, పొట్ట నిండా గాలి తీసుకోవాలి. పద్యనాటకాలాడిన మా తాతయ్య మైకు లేకుండానే చివరి వరసకి వినిపించేవారట! వాక్యంలో ఆఖరి మాట మింగేయకండి, అందరూ దొరికిపోయేది అక్కడే.

ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా. మాస్టారు అడుగుతారు, గుర్తుంచుకోండి.

చెట్టు వేషం ఇస్తే ఏడవకండి. కదలకుండా నిలబడటం రాజు వేషం కన్నా కష్టం. మీసం అంటించేముందు చెమట తుడుచుకోండి, లేదంటే యుద్ధం మధ్యలో ఊడిపోతుంది.