షెర్లాక్ హోమ్స్ కథల్లో ఆడవాళ్ళు: బొమ్మ ఎలా వేయాలి, వాదన ఎలా పెట్టుకోవాలి

హోమ్స్ ఫ్యాన్ ఆర్ట్ అనగానే చాలామంది ఐరీన్ ఆడ్లర్‌కి, అంటే ఒక కథలో హోమ్స్‌నే బోల్తా కొట్టించిన ఆవిడకి, ఎర్ర గౌను, ఎర్ర లిప్‌స్టిక్ వేసేసి వెనకాల హోమ్స్ నీడ ఒకటి పెట్టేస్తారు, చూడ్డానికి బానే ఉంటుంది గానీ ఆవిడ సినిమా ఐరీన్, కథలో ఐరీన్ కాదు. ఇక అక్కణ్ణుంచి ఆవిడ మీద హోమ్స్‌కి ఉన్నది ప్రేమా కాదా అని గొడవ మామూలే. నేను చెప్పేది ఒక్కటే, మొహంతో మొదలెట్టకండి, ఆవిడ కథలో ఏం చేసిందో ఆ క్షణం పట్టుకోండి, బొమ్మకి ప్రాణం వస్తుంది, వాదించడానికి చేతిలో ఏదో ఒక ఆధారం కూడా ఉంటుంది.

అందుకని ముందు కథ చదవాలి. నాలుగు నవలలూ 56 కథలూ మొత్తం తిరగేయక్కర్లేదు, ఐరీన్ స్వయంగా కనిపించేది 1891లో స్ట్రాండ్ పత్రికలో వచ్చిన 'ఎ స్కాండల్ ఇన్ బొహీమియా' అనే ఒక్క కథలోనే, తర్వాత అక్కడక్కడా తలుచుకోవడమే. చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకుని ఒంటి మీద ఏం బట్టలున్నాయి, చేతిలో ఏముంది, వెలుతురు ఎటునుంచి వస్తోంది, ఈ మూడూ గీసుకుంటూ పోండి.

ఐరీన్ విషయంలో నా ఓటు హోమ్స్ ఉండే బేకర్ స్ట్రీట్‌లో జరిగే సీన్‌కే. ఒకప్పుడు తనతో కలిసి దిగిన ఫొటో ఐరీన్ దగ్గర్నుంచి తెచ్చిపెట్టమని బొహీమియా రాజు హోమ్స్‌కి పని అప్పగిస్తాడు, అది ఆవిడ ఎక్కడ దాచిందో కనిపెట్టేశానన్న ధీమాతో హోమ్స్ ఇంటి గుమ్మం దగ్గర జేబులో తాళం చెవి వెతుక్కుంటుంటాడు, పక్కనుంచి అల్‌స్టర్ కోటు వేసుకున్న ఒక సన్నపాటి కుర్రాడు గుడ్‌నైట్ చెప్పి చకచకా వెళ్ళిపోతాడు, ఆ కుర్రాడే ఐరీన్. అల్‌స్టర్ అంటే పొడుగాటి ఓవర్‌కోటు, భుజాల మీద చిన్న కేప్ కూడా వేసుకోవచ్చు, ఒంటి ఆకారం అందులో దాగిపోతుంది కాబట్టి నడుము వంపులు గీసి వేషం పాడుచెయ్యకండి. హోమ్స్‌ని వెనకనుంచి చూపించండి, చెయ్యి ఇంకా జేబులోనే ఉండాలి. పేవ్‌మెంట్ మీద ఇంకో ఇద్దరు ముగ్గురు మనుషుల్ని పెట్టండి, కథలో ఉన్నారు, పైగా వాళ్ళుంటేనే చూసేవాడు కూడా ఆవిడ ఎవరా అని వెతుక్కుంటాడు. గ్యాస్ దీపం వెలుగు ఒక చెంప మీదే పడనివ్వండి, నవ్వు పెదవి చివర చాలు. హోమ్స్ అనగానే అందరూ పెట్టే డీర్‌స్టాకర్ టోపీ (ముందూ వెనకా అంచులుండే వేట టోపీ) మాత్రం దయచేసి వద్దు, ఆ రోజు హోమ్స్ పాస్టర్ వేషంలో బయల్దేరాడు, వెడల్పు నల్ల టోపీ, వదులు ప్యాంటు, తెల్ల టై.

హోమ్స్ అద్దెకుండే ఇంటి ఓనరు మిసెస్ హడ్సన్‌ని అందరూ టీ ట్రేతో వేసి వదిలేస్తారు, పాపం. 1903లో వచ్చిన 'ది ఎంప్టీ హౌస్' కథలో ఆవిడ చేసిన పని చూడండి, హోమ్స్‌ని చంపడానికి ఒకడు ఎదురింట్లో ఎయిర్‌గన్‌తో కాచుకుని ఉంటే, కిటికీ దగ్గర పెట్టిన హోమ్స్ మైనపు బొమ్మని పావుగంటకోసారి కొంచెం కదిలిస్తూ ఉంటుంది, అదీ తన నీడ తెర మీద పడకుండా మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి. వీధి వైపునుంచి గీస్తే కనపడేది హోమ్స్ నీడ ఒక్కటే, అందుకే లోపలినుంచి గీయండి, పైన డ్రెస్సింగ్ గౌను కప్పిన బొమ్మ, కింద నేల మీద ఆవిడ. ఆవిడ రూపం గురించి కథల్లో దాదాపు ఏమీ లేదు కాబట్టి వయసు, ఒడ్డూ పొడుగూ మీ ఇష్టం.

హోమ్స్ సాయం కోసం వచ్చే మేరీ మోర్‌స్టన్‌కి లేస్ గౌన్లు తగిలించకండి, మొదటిసారి వచ్చినప్పుడు అలంకారాల్లేని సాదా బూడిద-గోధుమ రంగు డ్రెస్సు, అదే రంగు చిన్న టోపీకి పక్కన తెల్లటి ఈక, అంతే. అలాగే సాయం కోసం వచ్చే ఇంకో అమ్మాయి వయొలెట్ హంటర్‌కి చిన్న చిన్న గోధుమరంగు మచ్చల (ఫ్రెకిల్స్) మొహం, ఉద్యోగం కోసం కత్తిరించుకున్న జుట్టు.

ఇక వాదన. మొదట అడగాల్సింది ఈ మాట ఎవరు చెప్తున్నారు అని. హోమ్స్‌కి ఐరీన్ మీద ప్రేమ లేదని మొదటి పేజీలోనే ఈ కథలు మనకి చెప్పే హోమ్స్ స్నేహితుడు వాట్సన్ చెప్పేస్తాడు, కానీ అది వాట్సన్ అభిప్రాయం కదా, హోమ్స్ నోటితో అన్నది కాదు. రాజు మరకతం ఉంగరం ఇవ్వబోతే వద్దని ఆవిడ ఒంటరిగా దిగిన ఫొటో అడిగి తీసుకోవడం మాత్రం హోమ్స్ స్వయంగా చేసిన పని, ప్రేమ పక్షం వాళ్ళకి గట్టి పాయింట్ అదే. నాకైతే అది ప్రేమకన్నా గౌరవమే అనిపిస్తుంది, మారువేషం ఆయన సొంత విద్య, దాంతోనే ఆయన్ని కొట్టింది మరి. అవతలివాళ్ళు ఏదైనా సిరీస్‌లో సీన్ ఎత్తుకుంటే అది తప్పని కొట్టిపారేయకుండా, మనం మాట్లాడేది కథ గురించా సిరీస్ గురించా అని ముందే తేల్చుకోండి, లేకపోతే ఇద్దరూ వేర్వేరు మనుషుల గురించి తెల్లారేదాకా అరుచుకుంటారు.

బొమ్మలు అమ్మే ఆలోచన ఉంటే ఇంకో మాట, అమెరికాలో చివరి కథల కాపీరైట్ కూడా 2023 మొదలయ్యేసరికి అయిపోయింది, కానీ సినిమాలు, సిరీస్‌ల డిజైన్లకీ నటీనటుల మొహాలకీ ఆ స్వేచ్ఛ వర్తించదు.

హోమ్స్‌కి ఆడవాళ్ళంటే ఎంత మర్యాదో అని ఎవరైనా మరీ మురిసిపోతుంటే అగాథా పేరు ఎత్తండి. ఒక బ్లాక్‌మెయిలర్ ఇంటి గుట్టు లాగడానికి హోమ్స్ ప్లంబర్ వేషంలో వెళ్ళి ఆ ఇంటి పనిమనిషితో పెళ్ళి కూడా ఖాయం చేసుకుంటాడు, ఆ అమ్మాయే అగాథా. ఆ పెళ్ళికొడుకు ఇక రాడని తెలిసిన రోజు ఆమె ఎలా ఉందో ఏ కథలోనూ లేదు, వెయ్యగలిగితే ఆ బొమ్మ వెయ్యండి.