పాత జీపు, జిప్సీలలో స్టీరింగ్ లోపం ఎక్కడుందో కనిపెట్టడం

వరంగల్, ములుగు, భూపాలపల్లి జిల్లాలలో పొలాలకు, అడవి అంచు గ్రామాలకు ఇప్పటికీ తిరుగుతున్న పాత మహీంద్రా జీపులను, మారుతి జిప్సీలను నడిపేవారు తరచుగా చెప్పే మాట ఒకటుంది: "స్టీరింగ్ మాట వినడం లేదు." ఈ ఒక్క మాట కింద వేర్వేరు లోపాలు దాగి ఉంటాయి. హైదరాబాదు నుంచి వరంగల్ మీదుగా ములుగు వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారి మీద నేరుగా పోతున్నప్పుడు బండి అటూ ఇటూ జరుగుతూ, మాటిమాటికీ సరిదిద్దుకోవలసి రావడం ఒక లోపం; గుంటలో పడి లేచిన మరుక్షణం ముందు చక్రాలు రెండూ గడగడా ఊగిపోవడం మరొకటి; బ్రేకు వేసినప్పుడో, వేయకపోయినా సరే, ఒక పక్కకు లాగడం ఇంకొకటి; మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాకపోవడం, తిప్పడానికి బరువుగా ఉండడం పూర్తిగా వేరే సంగతి. మెకానిక్ దగ్గరికి పోయే ముందే మన బండిది వీటిలో ఏ లోపమో, అది ఏ వేగంలో, ఎలాంటి రోడ్డు మీద, బరువు ఉన్నప్పుడా లేనప్పుడా కనిపిస్తోందో కాగితం మీద రాసుకోవాలి.

ఈ బండ్లకు వెనుకలాగే ముందు కూడా కమాన్ కట్టల (వంపు ఉక్కు పట్టీల స్ప్రింగుల) మీద నిలిచిన గట్టి యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) ఉంటుంది. స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును అందుకునే గేర్ల పెట్టె) నుంచి వచ్చే డ్రాప్ ఆర్మ్ అనే చేయి డ్రాగ్ లింకు అనే రాడ్డును తోస్తుంది, ఆ లింకు ఒక చక్రం నకిల్‌ను (చక్రాన్ని మోస్తూ దానితో పాటు తిరిగే భాగాన్ని) తిప్పుతుంది, టై రాడ్ రెండో చక్రాన్ని దానితో పాటు తిప్పుతుంది. సీజే-3బీ నమూనా పాత జీపులలో మధ్యలో బెల్ క్రాంక్ (తోపు దిశను మార్చే లివర్) కూడా ఉండి, దాని బుష్షులు విడిగా అరుగుతాయి. చేతికీ టైరుకూ మధ్య ఇన్ని కీళ్లు ఉన్నందువల్ల ఒక్కోదాంట్లో వెంట్రుకవాసి వదులు ఉన్నా, అవన్నీ కలిసి స్టీరింగ్ దగ్గర అంగుళాల కొద్దీ ప్లే (చక్రం కదలకుండా పోయే ఖాళీ తిప్పుడు) అవుతాయి. కాబట్టి ఒక భాగం మార్చి అదృష్టం చూసుకోవడం కన్నా, ఏ కీలు దగ్గర ఎంత కదలిక పోతోందో వరుసగా చూడడమే సరైన పద్ధతి. ఏదీ పరీక్షించకుండానే స్టీరింగ్ డ్యాంపర్ (ఊగుడును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటి భాగం) మార్చడం, బాక్సు మీది స్క్రూ బిగించడం, అలైన్‌మెంట్ చేయించడం అనే మూడు పనుల మీదే మన దగ్గర ఎక్కువ డబ్బు వృథా అవుతోందని నా గట్టి అభిప్రాయం.

మొదట చూడవలసింది టైర్లనే. గోదావరి ఇసుకలో దిగడానికి గాలి తగ్గించినవారు తారు రోడ్డు ఎక్కాక తిరిగి నింపకపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది, మలుపుల్లో బండి తేలినట్టు ఉంటుంది. గాలి చల్లని టైర్లలోనే కొలవాలి, ముందు చక్రాలు రెండింటిలో సమానంగా ఉండాలి. టైరు పక్క గోడ మీద తయారీ తేదీని తెలిపే నాలుగు అంకెలు ఉంటాయి. 2317 అని ఉంటే అది 2017వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. తక్కువ తిరిగే బండ్లలో గాట్లు నిండుగా ఉన్నా రబ్బరు ముదిరిపోయి, లోపలి పొరలు విడి, ఒకచోట ఉబ్బు వస్తుంది. చక్రాన్ని జాకీ మీద లేపి నెమ్మదిగా తిప్పితే ఆ ఉబ్బు కంటికి కనిపిస్తుంది. బండి ఒక పక్కకు లాగుతుంటే ముందు చక్రాలను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి చూడాలి. లాగే పక్క కూడా మారితే లోపం టైరుదే.

ఆ తరువాత, ఫోర్ వీల్ లివర్ ఎక్కడుందో చూడాలి. ఈ బండ్లలో ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు, వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి, కానీ మలుపులో ముందు చక్రాలు వెనుక వాటికన్నా ఎక్కువ దూరం పోవాలి. బురదలో టైరు జారి ఆ తేడా సరిపోతుంది. తారు మీద జారదు కాబట్టి స్టీరింగ్ బిగుసుకుంటుంది. లివర్ తీసినా లోపల పూర్తిగా విడకపోవడం పాత గేరు పెట్టెలలో జరిగేదే. అనుమానం ఉంటే కొద్దిగా రివర్సులో కదిలించి మళ్లీ పరీక్షించాలి.

ఇక అసలు పరీక్షకు ఇద్దరు మనుషులు కావాలి. బండిని సమతలంలో, నాలుగు చక్రాలూ నేల మీద ఉండగా నిలిపి, వెనుక చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేకు వేయాలి. పవర్ స్టీరింగ్ లేని బండిలో ఇంజను ఆపి ఉంచాలి, ఉన్న బండిలో నడుస్తూ ఉండాలి. లోపల కూర్చున్నవారు స్టీరింగును పూర్తిగా తిప్పకుండా, చక్రాలు కదలడం మొదలయ్యేంత వరకు మాత్రమే అటూ ఇటూ ఊపుతూ ఉండాలి. "అన్నా, ఇంకా మెల్లగ, ఇంకా తక్కువ" అని రెండు మూడు సార్లు చెప్పవలసి వస్తుంది, ఎందుకంటే కూర్చున్నవారి చేయి సహజంగా ఎక్కువే తిప్పుతుంది. కింద ఉన్నవారు స్టీరింగ్ నుంచి టైరు వైపుగా ఒక్కో కీలును చూస్తూ పోవాలి.

మొదట స్టీరింగ్ కాలమ్ కింది జాయింటు. తరువాత బాక్సులోకి పోయే షాఫ్టు కదిలిన క్షణానికీ డ్రాప్ ఆర్మ్ కదిలిన క్షణానికీ మధ్య తేడా. అదే బాక్సు లోపలి ప్లే. ఆ తరువాత బాక్సు మొత్తం చాసిస్ మీద జరుగుతోందా అన్నది. బాక్సు అంచు నుంచి చాసిస్ మీదికి సుద్దతో ఒక గీత గీసి ఊపించండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే బోల్టులు వదులైనట్టు, లేదా బోల్టు రంధ్రం చుట్టూ చాసిస్ పగిలినట్టు. ఈ పగులు మట్టి, గ్రీజు కింద దాగి ఉంటుంది కనుక వైరు బ్రష్షుతో గీకి చూడనిదే ఏమీ లేదని అనుకోకూడదు. లోపం ఇక్కడే ఉంటే బాక్సు ఎంత కొత్తదైనా ప్రయోజనం లేదు.

డ్రాగ్ లింకు, టై రాడ్ ఎండ్‌ల (కొసన ఉండే గిన్నె, గుండు కీళ్ల) దగ్గర కంటి కన్నా వేలు నమ్మదగినది. బొటనవేలు సగం ఎండ్ గిన్నె మీద, సగం నకిల్ చేతి మీద ఆనేలా పట్టుకోవాలి. రెండూ కలిసి కదిలితే మంచిదే. ఒకటి కదిలి, చిన్న టక్కు తగిలి, ఆ తరువాత రెండోది కదిలితే ఆ ఎండ్ అరిగినట్టే. రబ్బరు బూటు చిరిగి, చుట్టూ ఎర్రటి దుమ్ము, తుప్పు పేరుకుని ఉంటే పరీక్షకు ముందే అనుమానించవచ్చు. కొత్త ఎండ్ వేసిన కొద్ది రోజులకే మళ్లీ వదులైతే, పిన్ను కూర్చునే ఏటవాలు రంధ్రమే సాగిపోయి ఉంటుంది. అప్పుడు నకిల్ చేతిని మార్చాలి గానీ నట్టును ఎంత బిగించినా నిలవదు.

ఇప్పుడు ముందు యాక్సిల్‌ను జాకీతో లేపి, తప్పనిసరిగా స్టాండ్ల మీద దించాలి. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపినప్పుడు కదలిక ఉంటే అది వీల్ బేరింగులదో, కింగ్ పిన్ (నకిల్ పక్కలకు తిరగడానికి ఆధారమైన నిలువు పిన్ను) బేరింగులదో తేల్చుకోవాలి. దానికి చాలా సులువైన మార్గం ఉంది: రెండోవారు బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోవాలి. బ్రేకు చక్రాన్ని నకిల్‌కు బిగించేస్తుంది కాబట్టి, తొక్కగానే కదలిక మాయమైతే లోపం వీల్ బేరింగుది. అలాగే ఉంటే కింగ్ పిన్‌ది. పక్కల నుంచి పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే చాలావరకు అది స్టీరింగ్ లింకుల వదులే.

కింగ్ పిన్ బేరింగుల విషయాన్ని మన గ్యారేజీలలో తగినంతగా పట్టించుకోరు. జిప్సీలోను, ఫోర్ వీల్ జీపులలోను నకిల్ పైన, కింద కోన్ ఆకారపు రోలరు బేరింగులు ఉంటాయి, వాటి బిగువును షిమ్ములనే పలుచని రేకుల సంఖ్యతో సరిచేస్తారు. అరుగుదలతో ఆ బిగువు పోయినప్పుడు చేతికి ప్లే తెలియకపోయినా నకిల్ మరీ తేలికగా తిరుగుతుంది, చక్రాల ఊగుడుకు అదే తగినంత కారణమవుతుంది. లింకులు విప్పి, నకిల్ చేతి కొనకు స్ప్రింగు త్రాసు తగిలించి లాగి, ఎంత బలానికి తిరగడం మొదలుపెడుతుందో చూసి, ఆ మోడల్ సర్వీసు పుస్తకంలోని కొలతతో పోల్చాలి. ఒక షిమ్ము తీస్తే బిగువు పెరుగుతుంది. బేరింగు గిన్నెలో రోలర్ల అచ్చులు పడి ఉంటే షిమ్ములతో పని జరగదు. నేరుగా ఉన్నచోట స్టీరింగ్ చిన్న గుంటలో కూర్చున్నట్టు ఆగడం దాని గుర్తు.

జంపన్న వాగు వంటి వాగులను వానాకాలంలో దాటిన బండికి ఈ భాగాలను మరింత శ్రద్ధగా చూడాలి. వేడెక్కిన హబ్బు ఒక్కసారిగా నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు సందుల్లోంచి నీటిని పీల్చుకుంటుంది. హబ్బు మూత తీసినప్పుడు గ్రీజు మజ్జిగలా తెల్లబడి ఉంటే బేరింగులు కడిగి, చూసి, కొత్త గ్రీజు పెట్టవలసిందే.

బాక్సు స్క్రూ సంగతికి వస్తే, దానిని చివరగా ముట్టుకోవాలి. బాక్సు గేర్లను తయారీలోనే మధ్య స్థానంలో కొంచెం బిగుతుగా, పక్కల కొంచెం వదులుగా ఉంచుతారు. మధ్యలో అరిగిన బాక్సును స్క్రూతో గట్టిగా బిగిస్తే పక్కల పట్టేస్తుంది, మలుపు తరువాత స్టీరింగ్ తిరిగి రాదు, మిగిలిన పళ్లు కూడా త్వరగా పోతాయి. డ్రాగ్ లింకు విప్పి, బాక్సును సరిగ్గా మధ్యలో ఉంచి, కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ ఆ కొస నుంచి ఈ కొస దాకా తిప్పి చూడాలి. బాక్సు మధ్య ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక కొస నుంచి మరో కొసకు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, అందులో సగం వెనక్కు రావాలి. ఇక్కడ ఒక పాత పొరపాటు తరచుగా బయటపడుతుంది. స్టీరింగ్ వంకరగా ఉందని ఎవరో డ్రాగ్ లింకు పొడవు సరిచేయకుండా, స్టీరింగ్ చక్రాన్నే విప్పి నిటారుగా పెట్టి ఉంటారు. అప్పుడు బండి నేరుగా పోతున్నా బాక్సు తన వదులు భాగంలో ఉంటుంది, బాక్సు బాగున్నా బండి అటూ ఇటూ తిరుగుతుంది. డ్రాగ్ లింకు సర్దితే ఖర్చు లేకుండానే ఆ లోపం పోతుంది.

లింకులు, బేరింగులు, బాక్సు అన్నీ బాగుండి కూడా బండి ఒకవైపు పోతుంటే కమాన్ కట్టలను చూడాలి. భూపాలపల్లి బొగ్గు లారీలు తిరిగి గాడులు పడిన రోడ్ల మీద, కల్వర్టుల దగ్గరి కుదుపులకు, కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు వదులై, పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగుతుంది. అప్పుడు యాక్సిల్ ఒక పక్క వెనక్కు జరుగుతుంది, బండి ఆ పక్కకు లాగుతుంది. రెండు పక్కలా ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్యకు టేపుతో కొలిస్తే తేడా తెలిసిపోతుంది. షాకిల్ (కమాన్ కట్ట కొసను చాసిస్‌కు తగిలించే ఊగే లింకు) బుష్షుల దగ్గర గడ్డపార పెట్టి మెల్లగా ఎత్తి చూస్తే, బుష్షు అరిగినచోట కమాన్ కన్ను పక్కకు జరగడం కనిపిస్తుంది. ఈ బుష్షులు చవక, వాటి వల్ల వచ్చే తేడా మాత్రం చాలా ఎక్కువ. బ్రేకు వేసినప్పుడు మాత్రమే లాగితే కమాన్ కట్టలతో పాటు రెండు ముందు బ్రేకుల పట్టు కూడా పోల్చాలి.

ఎత్తు పెంచిన బండ్ల లోపం వేరు. కింగ్ పిన్ పై కొస కొద్దిగా వెనక్కు వాలి ఉండడాన్ని క్యాస్టర్ అంటారు. చక్రాన్ని నేరుగా నిలిపేది, మలుపు తరువాత స్టీరింగును తిరిగి తెచ్చేది ఆ వాలే. షాకిల్ కమాన్ కట్టకు ముందు కొసన ఉన్న బండికి పొడవాటి షాకిల్ ప్లేట్లు వేస్తే కట్ట ముందు కొస దిగి, యాక్సిల్ ముందుకు తిరిగి, ఆ వాలు తగ్గుతుంది. బండి ఎత్తుగా కనిపిస్తుంది, రోడ్డు మీద మాత్రం స్థిరత్వం పోతుంది. యాక్సిల్ పీటకూ కమాన్ కట్టకూ మధ్య ఏటవాలు ముక్కలు పెట్టి దీన్ని సరిచేయవచ్చు. దళసరి అంచు ఏ వైపు రావాలన్నది కట్ట యాక్సిల్ పైన ఉందా, కింద ఉందా అన్నదాన్ని బట్టి మారుతుంది. నన్నడిగితే ఊళ్ల మధ్య తిరిగే బండికి ఆ షాకిళ్లు తీసి పాతవే వేయడం మేలు.

చక్రాలు గడగడా ఊగడం మొదలైతే భయపడి బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగును గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటరు వదిలి, వేగం దానంతట అది తగ్గేలా చూసి పక్కకు ఆపాలి. కొత్త డ్యాంపర్ వేస్తే ఈ ఊగుడు కొన్నాళ్లు అణుగుతుంది, కానీ అరిగిన ఎండ్ అరుగుతూనే ఉంటుంది. అందువల్ల డ్యాంపర్‌ను తీసి పరీక్షించడమే మంచిది, అప్పుడే అసలు వదులు దాక్కోకుండా బయటపడుతుంది.

అన్నీ బిగించాకే అలైన్‌మెంట్. రెండు ముందు టైర్లకూ నడిమి గాటు మీద, వెనుక వైపు యాక్సిల్ ఎత్తులో సుద్ద గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరం కొలిచి, బండిని చేతులతో ముందుకు తోసి, అవే గుర్తులు ముందు వైపు అదే ఎత్తుకు వచ్చాక మళ్లీ కొలవాలి. ముందు కొలత కొద్ది మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. ఎంత అన్నది సర్వీసు పుస్తకమే చెబుతుంది. టై రాడ్ తిప్పి సరిచేశాక లాక్ నట్లు మరచిపోకూడదు.

స్టీరింగ్ భాగాలకు వెల్డింగ్ చేయించవద్దు, వేడిచేసి వంచిన రాడ్లు వాడవద్దు. విప్పిన ప్రతి నట్టుకు కొత్త స్ప్లిట్ పిన్ వేయాలి, పాతదాన్ని నిటారు చేసి మళ్లీ తొడగకూడదు. రద్దీ లేని నేరు రోడ్డు మీద మొదట 30, తరువాత 50 కిలోమీటర్ల వేగంతో నడిపి, మొదట రాసుకున్న కాగితంతో పోల్చి చూడాలి. కమాన్ కట్టలు విప్పిన బండికైతే కొన్ని రోజులు నడిపాక, బండి బరువు చక్రాల మీద ఉండగానే యూ బోల్టులను మరోసారి బిగించాలి.