బోరు వేయించే ముందు పాటించవలసిన వాల్టా జాగ్రత్తలు

రిగ్గు బండిని పొలానికి పిలిపించే ముందే, ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చి నేడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ అమలులో ఉన్న నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) నిబంధనలను తెలుసుకోండి.

ఊరి తాగునీటి బోరు నుంచి మీరు గుర్తు పెట్టిన చోటు ఎంత దూరమో టేపుతో కొలిపించండి. అది 250 మీటర్ల లోపు ఉంటే అధికారుల అనుమతి లేనిదే తవ్వకూడదు. మీ మోటారు లాగే నీరు ఊరి బిందెల్లోకి చేరవలసినదే కావచ్చు కనుక, అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఇదేనని నా అభిప్రాయం.

రిగ్గుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. అడ్డొచ్చిన చెట్టును అనుమతి లేకుండా కొట్టించకండి.

సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పనికి కనీసం 15 రోజుల ముందు సంబంధిత అధికారులకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తవ్వేటప్పుడు చుట్టూ కంచె కట్టాలి. నీరు పడకపోతే గుంతను అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టితో, ఇసుకతో, రాళ్లతో పూడ్పించాలి.