లా చదవాలా, వద్దా? లాసెట్ ఫారం నింపే ముందే తేల్చుకోవడం ఎలా

లా కాలేజీల ప్రవేశపరీక్ష లాసెట్‌కి నోటిఫికేషన్ పడిందంటే చాలు, విజయవాడలో నల్లకోటు వేసుకున్న ప్రతివాడి దగ్గరికీ తెలిసినవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తారు. "మావాడు లా చేద్దామనుకుంటున్నాడండీ, మీరేమంటారు?" అని. ఎందుకయ్యా లా అని పిల్లవాణ్ని అడిగితే జవాబు వాళ్ల నాన్న చెప్తాడు. మూడేళ్లు చదివి, కోటు కుట్టించుకుని, ఏడాది తిరక్కుండానే కోర్టు మొహం చూడటం మానేసినవాళ్లు ప్రతి ఊరి బార్ అసోసియేషన్‌లోనూ ఉంటారు. వాళ్లకి చదువు రాక కాదు. ఎందుకు వస్తున్నారో చూసుకోకుండా వచ్చారు. ఆ చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. పది రోజుల పని, పైసా ఖర్చు లేదు. అయినా ఎవరూ సరిగ్గా చెయ్యరు.

కావలసినవి

రూళ్ల నోట్‌బుక్కు, పెన్ను, ఆధార్ కార్డు, పది రోజుల తీరిక. నోట్సు ఫోన్‌లో రాసుకుంటానంటే కుదరదు, కోర్టు హాల్లో ఫోన్ బయటికి తీస్తే అటెండర్ వచ్చి పక్కన నిలబడతాడు. మే నెల వద్దు, సివిల్ కోర్టులకి వేసవి సెలవులు.

1. కారణం ఒక్క వాక్యంలో రాయండి

"నేను లా చదువుతాను, ఎందుకంటే" అని మొదలుపెట్టి ఒకే వాక్యం. రెండో వాక్యం రాయకూడదు. సమాజసేవ, ఇంట్రెస్ట్, ప్యాషన్ అనే మూడు మాటలూ వాడకూడదు. పేజీ మధ్యలో గీత గీసి ఇటు లాభాలు, అటు నష్టాలు రాసే పద్ధతి ఒకటి కెరీర్ కౌన్సిలర్లు నేర్పుతుంటారు. అది ఫ్రిజ్ కొనడానికి బాగుంటుంది. ఇక్కడ అలా రాస్తే లాభాల వైపు అన్నీ నిండిపోతాయి, అసలు కారణం మాత్రం ఎక్కడా కనపడదు. ఆప్టిట్యూడ్ టెస్టులూ అంతే. "మీరు లీడరా, ఫాలోయరా" అని అడిగి తేల్చేది కాదిది.

2. ఆ కారణాన్ని తీసేసి చూడండి

రాసిన కారణం రేపు పొద్దున్నే తీరిపోయిందనుకోండి. అప్పుడు కూడా లా చదువుతారా? అడగాల్సింది ఇదొక్కటే.

"మా స్థలం కేసు పదేళ్లుగా నడుస్తోంది, నేనే లాయర్నై తేల్చేస్తా" అనేవాళ్లు గుంటూరు పక్క పల్లెల నుంచి చాలామంది వస్తారు. ఆ కేసు రేపు రాజీ అయిపోతే? మొహం తెల్లబోతుంది. సొంత కేసు వాదించుకోవడానికి లా డిగ్రీ అక్కర్లేదు, పార్టీగా మీరే జడ్జి గారి ముందు నిలబడవచ్చు. పైగా సొంత స్థలం విషయంలో ఎంత పెద్ద లాయరైనా కోపంతోనే వాదిస్తాడు. అయితే ఈ కారణంతో వచ్చి నిలబడినవాళ్లూ లేకపోలేదు. అడంగళ్లూ, 1బీలూ లాంటి భూమి రికార్డులూ, తాతల నాటి పారీఖత్తులూ (పంపకాల కాగితాలు) తిరగేసి తిరగేసి చివరికి ఆ కాగితాల మీదే ఇష్టం పుట్టినవాళ్లు వాళ్లు. కేసు రాజీ అయినా చదువుతానని వాళ్లు తడుముకోకుండా చెప్తారు.

"వాడికి నోరు బాగుందండీ." ఇది తల్లిదండ్రుల కారణం. జూనియర్ లాయర్ కోర్టులో రోజంతా మాట్లాడేది రెండు ముక్కలు: "టైమ్ కావాలి సార్", "సీనియర్ గారు వస్తున్నారు సార్". మిగతాదంతా చదవడం, రాయడం. నోటీసు, ప్లెయింటు (దావా వేసే కాగితం), రిటన్ స్టేట్‌మెంటు (దానికి జవాబు), అఫిడవిట్టు. నోరు బాగున్నవాడికి క్రాస్‌లో, అంటే అవతలివైపు సాక్షిని ప్రశ్నించేటప్పుడు, ఒక ప్రశ్న ఎక్కువ అడిగే జబ్బు కూడా ఉంటుంది, ఆ ఒక్క ప్రశ్నతో కేసు పోతుంది.

"జడ్జి అవుతాను." మంచిదే. కానీ 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. కాలేజీలోంచి నేరుగా పరీక్ష రాసే దారి మూసుకుపోయింది. కాబట్టి ఆ మూడేళ్లు లాయరుగా బతకడం ఇష్టమేనా అని మిమ్మల్ని మీరే అడగండి. ఉద్యోగం చేసుకుంటూ పక్కన ప్రాక్టీసు పెట్టుకుందామనేవాళ్లకి ఇంకా చిన్న జవాబు: బార్ కౌన్సిల్ రూల్ 49 ఒప్పుకోదు, పూర్తికాలం జీతగాడు ప్రాక్టీసు చెయ్యకూడదు.

"ప్రకాశం పంతులు గారిలా రాజకీయాల్లోకి" అనేవాళ్లూ ఉంటారు. ఆయన ముందు రాజమండ్రిలో ప్లీడరుగా నిలదొక్కుకుని, ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చి, మద్రాసులో దండిగా సంపాదించి, ఆ తర్వాత వదిలేశారు. వదిలెయ్యడానికి ముందు ప్రాక్టీసంటూ ఒకటి ఉండాలి కదా. బెజవాడలో కాళేశ్వరరావు మార్కెట్‌లో కూరలు కొనేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ పేరు గల అయ్యదేవర కాళేశ్వరరావు గారూ ఇదే ఊళ్లో వకీలే. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకరయ్యారు.

ఇక "బీటెక్ అయింది, జాబ్ రాలేదు". జాబ్ వస్తే మానేస్తావా? మానేస్తానంటే ఇక్కడే ఆగండి. కింద రాసింది మీకు అక్కర్లేదు.

3. కోర్టులో కూర్చోండి

అందరూ పాడుచేసేది ఇదే, కాబట్టి నిదానంగా చదవండి.

కొన్ని విచారణలు తప్పిస్తే మన కోర్టులు అందరికీ తెరిచే ఉంటాయి. ఎవరి అనుమతీ అక్కర్లేదు, చుట్టంగా ఏ లాయరూ ఉండక్కర్లేదు. అసలు తెలిసిన లాయరుతో వెళ్లకండి. ఆయన మొహమాటానికి మిమ్మల్ని క్యాంటీన్‌కి తీసుకెళ్లి, కాఫీ ఇప్పించి, తను గెలిచిన కేసులు చెప్పి పంపిస్తాడు.

విజయవాడలో అయితే సివిల్ కోర్టుల కాంప్లెక్స్. 2022 ఆగస్టు 20న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ గారు ప్రారంభించిన బహుళ అంతస్తుల భవనం. గుంటూరులో అయితే జిల్లా కోర్టు. హైకోర్టుకి వెళ్లకండి. గుంటూరులో హైకోర్టు ఉండేది 1954 నుంచి 1956 దాకా, ఇప్పుడది అమరావతిలో నేలపాడులో ఉంది. దగ్గరే కదా, చూసొద్దామనిపిస్తుంది. కానీ అక్కడ మామూలుగా సాక్షులు రారు, కాగితాల మీదే వాదనలు. యూట్యూబ్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లైవ్ చూసి లా మీద మనసు పడేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. మీరు మొదటి ఐదేళ్లు తిరగబోయేది అక్కడ కాదు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకో, మేజిస్ట్రేట్ కోర్టుకో వెళ్లండి. ఫ్యామిలీ కోర్టు, పోక్సో కోర్టు వద్దు, అక్కడ చాలావరకు తలుపులు మూసి విచారిస్తారు.

తెల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకోకండి, ఎవరి జూనియరో అనుకుని ఫైలు చేతిలో పెడతారు. పదింపావుకల్లా వెనక బెంచీలో గోడవైపు కూర్చోండి. గోడవైపే ఎందుకంటే మధ్యలో కూర్చుంటే వచ్చేపోయే కక్షిదారులకి దారి ఇవ్వడంతోనే సరిపోతుంది. జడ్జి గారు వస్తే అందరితో పాటు లేవండి.

పదిన్నరకి కాల్ వర్క్ మొదలవుతుంది. నంబరు పిలుస్తారు, ఒక లాయరు లేస్తాడు, ఏదో అంటాడు, వాయిదా పడుతుంది. మళ్లీ నంబరు, మళ్లీ వాయిదా. బయట అటెండర్ పార్టీల పేర్లు కేకలేస్తుంటాడు. గంటసేపు ఇదే తంతు. ఇక్కడే పిల్లలు లేచి వెళ్లిపోయి "కోర్టంటే వాయిదాలే" అని ఇంట్లో తీర్పు చెప్పేస్తారు. వెళ్లకండి! కాల్ వర్క్ అయ్యాక, హాలు సగం ఖాళీ అయ్యాక, సాక్షిని బోనెక్కిస్తారు. మీరు వచ్చింది దానికోసం.

ప్రామిసరీ నోటు దావా దొరికితే అదృష్టం, మన జిల్లాల్లో దొరక్కపోవడం కష్టం. నోటు మీద రెవెన్యూ స్టాంపు, దానిమీద సంతకం. అప్పిచ్చినాయన "నా దగ్గర మూడు లక్షలు తీసుకున్నాడు" అంటాడు. అవతలాయన "సంతకం నాదే, కానీ పురుగుమందుల అప్పుకి ఖాళీ నోటు మీద పెట్టించుకున్నారు" అంటాడు. సంతకం ఒప్పుకున్నాక డబ్బు ముట్టిందనే చట్టం ముందు అనుకుంటుంది, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్టు 118వ సెక్షన్ అది. కాదని చూపించాల్సిన బరువు సంతకం పెట్టినవాడి మీద పడుతుంది. నోటు రాసిన దస్తూరీదారుణ్ని, సాక్షి సంతకం పెట్టినవాణ్ని బోనులోకి తెస్తారు. డబ్బు ఎవరింట్లో లెక్కపెట్టారు? పగలా, రాత్రా? నోటు వెనక ఉన్న చెల్లు ఎప్పుడు రాశారు? ఆ చివరి ప్రశ్నని చిన్నదనుకోకండి. నోటుకి గడువు మూడేళ్లు. గడువు లోపల కొంత డబ్బు కట్టి చెల్లు రాసి సంతకం పెడితే మళ్లీ మూడేళ్లు బతుకుతుంది. కట్టనే లేదని తేలితే దావా మొత్తం పోతుంది. నోటు వెనక మూడు వందల రూపాయల చెల్లు కోసం గంట క్రాస్ నడవడం అక్కడ మామూలు.

సాక్షి తెలుగులో చెప్తాడు, జడ్జి గారు దాన్ని ఇంగ్లీషులో చెప్పి టైపు చేయిస్తారు. రెండూ వినండి. "ఇచ్చాననుకుంటానండీ" అన్నది ఇంగ్లీషులోకి వెళ్లాక "ఇచ్చాను" అయిందా? అవతలి లాయరు వెంటనే లేచాడా, ఊరుకున్నాడా? నోట్‌బుక్కులో రాసుకోవాల్సింది అది, జడ్జి గారు ఎవర్ని తిట్టారన్నది కాదు.

బయటికి వచ్చే ముందు దావా నంబరు, తర్వాతి వాయిదా తేదీ రాసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో నంబరు కొడితే కేసు ఎక్కడుందో కనపడుతుంది. ఆ తేదీకి మళ్లీ వెళ్లండి. సాక్షి రాకపోవచ్చు, లాయర్లు విధులు బహిష్కరించి ఉండవచ్చు, మళ్లీ వాయిదా పడవచ్చు. అప్పుడు చిరాకు పడండి, తప్పులేదు, అందరం పడతాం. ఆ చిరాకులో కూడా చెల్లు నిజమో కాదో తెలుసుకోవాలని ఉందా లేదా అన్నదే మీరు చూసుకోవాల్సింది. ఉంటే మీ కారణం గట్టిదే, మొదటి వాక్యం ఎలా రాసినా సరే. ఒక్కరోజుతో తేల్చకండి. కనీసం వారం, అందులో రెండు రోజులు క్రిమినల్ కోర్టు. బెయిలు వాదనలు రోజూ చూసినా ఏమీ తెలియదు, ఐదు నిమిషాల్లో అయిపోతాయి.

పార్టీలతో మాట కలపొద్దు. ఎవరి పక్షమూ వహించొద్దు. వినేవాడు దొరికితే కక్షిదారు కేసు మొత్తం చెప్పేస్తాడు, మీరు వాళ్లవైపు మనిషైపోతారు, ఇక ఏమీ కనపడదు.

4. ఇంట్లో డబ్బు మాట తేల్చండి

"ఐదేళ్లు నా సంపాదన మీద ఆశ పెట్టుకోవద్దు" అని మీరే నోరు తెరిచి చెప్పాలి. జూనియర్లకి పట్టణాల్లో నెలకి కనీసం 20,000, పల్లెల్లో 15,000 ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. సూచన మాత్రమే. చాలా ఆఫీసుల్లో పెట్రోలు ఖర్చు వస్తే గొప్ప. ఇంట్లో ఐదేళ్లు కుదరదంటే రెండేళ్లు ఏదైనా ఉద్యోగం చేసి, దాచుకుని, అప్పుడు రండి. లాసెట్‌కి వయోపరిమితి లేదు.

5. మిగతాది

లాసెట్‌లో 90 నిమిషాలు, 120 ప్రశ్నలు, నెగటివ్ మార్కులు లేవు. సగం లీగల్ ఆప్టిట్యూడ్, మిగతా సగం జీకే, కరెంట్ అఫైర్స్. నెల రోజులు పేపరు చదివినా గట్టెక్కుతారు, కోచింగులకి డబ్బు పొయ్యకండి. కాలేజీలు గుంటూరులో ఏసీ లా, జేసీ లా, విజయవాడలో సిద్ధార్థ, మధ్యలో నాగార్జున యూనివర్సిటీ. కోర్టుకి బస్సులో తొందరగా చేరగలిగే కాలేజీ ఏదైతే అదే మంచి కాలేజీ.

ఇంటర్ కాగానే ఐదేళ్ల కోర్సా, డిగ్రీ చేసి మూడేళ్లా? డిగ్రీ చేసి మూడేళ్లే. ఐదేళ్ల కోర్సులో ఒక ఏడాది కలిసొస్తుంది నిజమే, కానీ ఇరవై రెండేళ్ల కుర్రాడి చేతికి ఒరిజినల్ దస్తావేజులు ఎవరిస్తారు? అందులోనూ బీకామ్ చేసి రండి. చెక్ బౌన్స్ కేసులో ఖాతా పుస్తకం చదవడం వచ్చినవాడికి క్రాస్ సగం రాసినట్టే. దూరవిద్యలో చేసిన లా డిగ్రీతో ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా బార్ కౌన్సిల్‌లో నమోదు) ఇవ్వరు, ఆ ప్రకటనలు నమ్మొద్దు. పుస్తకాలు కొనేటప్పుడు తేదీ చూడండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, పాత గైడ్లు మాత్రం ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

ఎన్‌రోల్ అయ్యాక రెండేళ్లలోపు ఆలిండియా బార్ ఎగ్జామ్ పాసవ్వాలి. 100 ప్రశ్నలు, నోట్సు రాయని బేర్ యాక్టులు (వ్యాఖ్యానం లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకాలు) తీసుకెళ్లొచ్చు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు చట్టం ప్రకారం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకి 125. స్టాంపు ఖర్చు వేరు. అంతకుమించి వసూలు చెయ్యడానికి వీల్లేదని 2024 జులై 30న సుప్రీంకోర్టు చెప్పింది. కట్టినదానికి రసీదు అడిగి తీసుకుని, కోర్టులో మీరు రాసుకున్న ఆ నోట్‌బుక్కులోనే పెట్టుకోండి.