పిల్లలకు ఫుట్‌బాల్, మూడో పాఠం: వచ్చే బంతిని అందుకోవడం

రెండో పాఠంలో గోడకు కొట్టి తిరిగి తీసుకునే పాస్‌లు చేయించాం. మీ పిల్లలు ఇప్పుడు రెండు కాళ్లతోనూ తడబడకుండా కొట్టగలుగుతున్నారా? ఎడమ కాలు ఇంకా మొరాయిస్తుంటే ఈ పాఠాన్ని ఇంకో వారం ఆగి మొదలుపెట్టండి. తొందరేం లేదు.

ఈసారి ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బంతిని కాలితో మొదటిసారి తాకి అందుకోవడం. పదేళ్ల పిల్లల మ్యాచ్ చూడండి, బంతి ఎక్కువగా పోయేది ఇక్కడే. పాస్ బాగానే వస్తుంది. కాలికి తగిలి రెండు గజాలు ఎగురుతుంది. అవతలివాడు తన్నుకుపోతాడు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో దీనికి సగం కారణం నేల. చాలా బడి గ్రౌండ్లు గట్టి మట్టి, పైన గులకరాళ్లు. ఎండాకాలం వచ్చిందంటే బంతి ఎటు ఎగురుతుందో తెలియదు. నేలను మార్చలేం కాబట్టి ముందు బంతి సంగతి చూడండి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు 4వ సైజు, పదమూడు వచ్చాక 5వ సైజు. ఎలాగూ పెరుగుతాడు కదా అని చిన్నవాడికి 5వ సైజు కొనకండి. 410 నుంచి 450 గ్రాముల ఆ బంతిని నెట్టలేక వేళ్లతో పొడవడం అలవాటవుతుంది, తర్వాత మాన్పించడం కష్టం. గాలి ఒత్తిడి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల మధ్య ఉండాలని ఆట నియమాలు చెబుతాయి. గట్టి నేల మీద 0.6కి దగ్గరగా ఉంచండి. గేజ్ లేకపోతే బొటనవేళ్లతో నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి. సైకిల్ షాపులో గాలి కొట్టిస్తే దగ్గరుండండి, లేకపోతే రాయిలా బిగించేస్తారు.

కళింగపట్నం, భావనపాడు వైపు వాళ్లకు ఇసుక దగ్గర. కాళ్ల బలానికి అది మంచిదే. కానీ అక్కడ బంతి సరిగ్గా దొర్లదు, ఈ పాఠం మాత్రం మట్టి మీదే చేయించండి.

ఇక కాలు. మోకాళ్లు కొద్దిగా వంచి, మునివేళ్ల మీద నిలబడాలి. అందుకునే పాదం నేలకు ఆనకూడదు. 4వ సైజు బంతి నడుము సుమారు పది సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, పాదం లోపలి వైపు ఆ ఎత్తుకు లేవాలి. పాదం కిందే ఉంటే బంతి దాని మీదుగా దూకేస్తుంది. చీలమండ గట్టిగా, తొడ వదులుగా ఉంచి, బంతి తగిలే క్షణంలో కాలిని కొంచెం వెనక్కి తీసుకోవాలి. పైనుంచి విసిరిన గుడ్డును పగలకుండా పట్టుకునేటప్పుడు చెయ్యి ఎలా వెనక్కి వెళ్తుందో అలా. అరికాలితో తొక్కి ఆపడం నున్నటి ఫ్లోర్ మీద ఫుట్సాల్‌లో, అంటే జట్టుకు ఐదుగురితో హాల్లో ఆడే ఫుట్‌బాల్‌లో, బాగా పనికొస్తుంది. మన గ్రౌండ్‌లో చిన్న గులకరాయి తగిలినా బంతి కాలి కిందనుంచి జారిపోతుంది.

ఇంతవరకూ వస్తే బంతి ఆగుతుంది. కానీ ఆగితే చాలదు. గ్రౌండ్ పక్కనుంచి "స్టాప్ చెయ్, స్టాప్ చెయ్" అని అరవడం మనకు అలవాటు. పిల్లాడు నిజంగానే ఆపేస్తాడు. తర్వాత తలెత్తి ఎటు పోవాలా అని చూసేలోపు ఎదుటివాడు మీదికొచ్చేస్తాడు. దయచేసి ఆపమనకండి. మొదటి టచ్‌తోనే బంతి ఖాళీ ఉన్న వైపు, ఒక అంగలో అందేంత దూరం జరగాలి.

అందుకు ముందే చూసి ఉండాలి. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ చావీ పాత మ్యాచ్‌లు ఫోన్‌లో పెట్టి, బంతిని కాకుండా అతని తలను చూడమని పిల్లలకు చెప్పండి. బంతి రాకముందే అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. దీన్ని ఇలా నేర్పండి: ఒకరు పాస్ ఇస్తారు, మీరు పిల్లాడి వెనక నిలబడి వేళ్లు చూపిస్తారు. బంతి వస్తుండగా భుజం మీదుగా వెనక్కి చూసి, ఎన్ని వేళ్లో చెప్పి, అప్పుడు బంతి తీసుకోవాలి. మొదట్లో బంతి పోతుంది. పోనివ్వండి, తిట్టకండి. అక్కడ తిడితే వెనక్కి చూడటమే మానేస్తాడు.

అది కుదిరాక రెండు జతల చెప్పులతో కుడివైపు ఒక గేటు, ఎడమవైపు ఒక గేటు పెట్టండి. బంతి దారిలో ఉండగా "ఎడమ" అనండి. కుడి పాదం లోపలి వైపుతోగాని, ఎడమ పాదం బయటి వైపుతోగాని ఒక్క టచ్‌లో ఆ గేటులోంచి బయటపడాలి. పక్కకు తిరిగి నిలబడి, బంతికి దూరంగా ఉన్న కాలితో అందుకుంటే ముందున్న గ్రౌండంతా కనిపిస్తుంది. ఇది మాటల్లో చెబితే పిల్లలకు ఎక్కదు, మీరే నిలబడి చూపించండి.

చివరి పది నిమిషాలు రోండో. ఎనిమిది అంగల చదరంలో నలుగురు పాస్‌లు, మధ్యలో ఒకడు దొంగ. యోహాన్ క్రైఫ్ కోచ్‌గా ఉన్న రోజుల నుంచీ బార్సిలోనా జట్టు ప్రాక్టీసులో ఇది ముఖ్యం. ఎవరి టచ్ చెడితే వాళ్లు మధ్యలోకి. పిల్లలు ఇంటికి వెళ్లమన్నా వెళ్లరు. అక్కాచెల్లెళ్లను కూడా పిలవండి, గ్రౌండ్ గట్టు మీద కూర్చోబెట్టి చూపించడం కాదు, చదరంలోకి రానివ్వండి.

ఆదివారం రెండు గంటల కంటే వారంలో ఐదు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు మేలు. వేసవిలో పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించండి. నాలుగో పాఠంలో గాల్లో వచ్చే బంతిని తొడతో, ఛాతీతో దించుకోవడం. ఈలోపు వేళ్ల లెక్కలో తప్పులు తగ్గేదాకా ఇదే చేయించండి.