కొండ మీది ఊరికి రాబడి పెరగాలంటే సంత నుంచే మొదలుపెట్టండి

పాడేరు, అరకు, చింతపల్లి ఏజెన్సీలో ఏ ఊరితోనైనా పని చేయాలనుకుంటే కొత్త పంట గురించో టూరిజం గురించో వెంటనే మాట్లాడకండి. ముందు వారపు సంతలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోండి. కొండ దిగి ఏం వస్తోంది, ఎవరు కొంటున్నారు, తూకం ఎలా వేస్తున్నారు, డబ్బు చేతికిస్తున్నారా లేక పాత అప్పులో జమ వేసుకుంటున్నారా, అన్నీ రాసుకోండి. చింతపండు, పసుపు, కొండ చీపుర్లు, పిప్పళ్లు బాగానే పండే ఊళ్లోనూ చేతిలో డబ్బు నిలవదంటే కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

తర్వాత ఒక్క సరుకు పట్టుకోండి, ఒక్కటే. కాఫీ ఉన్న ఊరైతే కాఫీయే. అరకు వ్యాలీ అరబికాకు 2019లో జీఐ (ఆ ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది గానీ, పచ్చివీ పండువీ కలిపి దూసి అమ్మేస్తే ఆ పేరు రైతుకు పైసా తేదు. ఎర్రగా పండినవే కోయాలి, నీళ్లలో పోసి తేలినవి తీసేయాలి, కోసిన రోజే పల్పర్‌లో, అంటే పండు తొక్క తీసే మిషన్‌లో వేయాలి. తొక్క తీశాక పులియబెట్టిన గింజల్ని బాగా కడిగి మంచె మీదో టార్పాలిన్ మీదో ఆరబెట్టాలి, మట్టి నేల మీద మాత్రం వద్దు, రాత్రి మంచు పడకుండా కప్పాలి. తేమ 10, 11 శాతానికి దిగేదాకా బస్తాకెత్తకూడదు. పల్పర్‌ని గెడ్డకు (కొండవాగుకు) దగ్గర్లో పెడితే నీళ్లకు ఇబ్బంది ఉండదు, కానీ ఆ కడిగిన నీళ్లు గెడ్డలో కలవనివ్వకండి, దిగువ ఊరు తాగేది అవే నీళ్లు, వాటికి వేరే గుంట తవ్వండి.

అసలు చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. సంఘం పెట్టి, మంచి ధర ఇస్తాం, రెండు నెలలు ఆగండి అంటే ఎవరూ ఆగరు, ఇంట్లో జ్వరమొస్తే రేపే డబ్బు కావాలి కదా! అందుకే సరుకు తెచ్చిన రోజే కనీసం సగం చేతిలో పెట్టేంత డబ్బు సర్దుకున్నాకే కొనుగోలు మొదలుపెట్టండి. డ్వాక్రా సంఘం రుణం, వన్‌ధన్ కేంద్రం (గిరిజనుల అటవీ సరుకు కోసం పెట్టిన ప్రభుత్వ పథకం) నిధులు దీనికి అడగొచ్చు. జీసీసీ (గిరిజనుల సరుకు కొనే ప్రభుత్వ గిరిజన సహకార సంస్థ) ధర ఎంతుందో సంతకు ముందే ఊళ్లో అందరికీ చెప్పేయండి, షావుకారు కూడా దాన్ని చూసే ధర చెప్తాడు.

కాగితాలు కూడా ముఖ్యమే. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కుకు గ్రామసభ నుంచే దరఖాస్తు పెట్టించండి, చిన్న అటవీ ఫలసాయం సేకరించి అమ్ముకునే హక్కు అందులో ఉంది. రిసార్ట్ కడతాం, భూమి మీ పేరు మీదే ఉంటుంది, లీజే కదా అంటూ ఎవరైనా ఊరివాళ్ల దగ్గరికి వస్తే సంతకం పెట్టనివ్వకండి, ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం కింద గిరిజనేతరుడికి లీజుకివ్వడం కూడా భూ బదిలీయే.

రోడ్డు కోసం అడుగుతూనే ఉండాలి, రోడ్డు లేక రోగుల్ని కర్రకు కట్టి మోసుకెళ్లే డోలీ మోతలు ఆగాలి. అది వచ్చేలోపు ఊళ్లో ఒక గోదాం, ఒక ఎలక్ట్రానిక్ కాటా, లెక్క రాయగల ఇద్దరు పిల్లలు ఉంటే ఈ సీజన్‌లోనే పని మొదలుపెట్టొచ్చు.