ల్యాండింగ్‌లో విమానం బౌన్స్ అయితే ఏం చేయాలి

సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానంలో సర్క్యూట్లు (టేకాఫ్ అయి, ఒక చుట్టు తిరిగి మళ్లీ దిగడం) కొట్టే స్టూడెంట్లు ముందు ఇది బాగా గుర్తుపెట్టుకోండి: విమానం రన్‌వేకి తగిలి ఎగరగానే టెన్షన్‌లో యోక్‌ను (చేతిలోని కంట్రోల్ చక్రాన్ని) ముందుకు తోసేయకండి. తోస్తే ఈసారి ముక్కు చక్రమే ముందు నేలకు తగులుతుంది, విమానం ఇంకా పైకి లేస్తుంది, అలా రెండు మూడు దెబ్బలకి ముక్కు చక్రం విరిగి ప్రొపెల్లర్ రన్‌వేని కొట్టేదాకా వెళ్తుంది.

చిన్న బౌన్స్ అయితే ముక్కును ల్యాండింగ్ పొజిషన్‌లోనే పట్టుకుని, కాస్త పవర్ ఇచ్చి దించొచ్చు. పెద్దదైతే, లేదా ఏమాత్రం అనుమానం వచ్చినా, గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవడం. థ్రాటిల్ పూర్తిగా తోసి ఫుల్ పవర్, ముక్కు ఎడమకి లాగుతుంది కాబట్టి కుడి రడ్డర్ పెడల్, ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు) 20 డిగ్రీలకు ఎత్తాలి, మిగతాది స్పీడ్ పెరిగాక మెల్లగా. ఒకేసారి మొత్తం ఎత్తేస్తే విమానం కిందికి జారుతుంది. కంట్రోల్ టవర్‌తో తర్వాత మాట్లాడొచ్చు.

బౌన్స్‌కి అసలు కారణం చాలాసార్లు స్పీడ్ ఎక్కువవడమే. ఫుల్ ఫ్లాప్స్‌తో ఫైనల్లో (రన్‌వేకి ఎదురుగా దిగుతూ వచ్చే చివరి భాగంలో) స్పీడ్ 60 నుంచి 70 నాట్ల మధ్య ఉండాలి, నేలకి దగ్గరగా వచ్చి దించేటప్పుడు చూపు రన్‌వే అవతలి చివర ఉండాలి.

గట్టిగా దిగిందనిపిస్తే తిడతారని దాచకుండా ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పండి, ఇంజనీర్ చూసేదాకా మళ్లీ ఎగరొద్దు. ముక్కు చక్రం ఫైర్‌వాల్‌కి (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే లోహపు గోడకి) బిగించి ఉంటుంది, అక్కడ రేకు ముడతపడినా బయట నుంచి చూస్తే తెలియకపోవచ్చు.